మందులూ మత్తులూ – 7: కలకత్తా వార్డులో గంజాయి

1838 నవంబరు 6. రాత్రి ఎనిమిది గంటల వేళ కలకత్తా వైద్య కళాశాల ఆసుపత్రి నుంచి ప్రొఫెసర్ ఓషానెస్సీకి ఒక చీటీ అందింది. రాసింది వార్డులో కాపలా ఉన్న నవీన్‌చంద్ర మిత్ర అనే విద్యార్థి. రోగి తీరు వింతగా ఉంది, వెంటనే రావాలి అన్నది సారాంశం.

ఆ రోగికి కీళ్లవాతం. అతనితోపాటు అదే జబ్బున్న మరో ఇద్దరికి మధ్యాహ్నం రెండు గంటలకు తలా ఒక గ్రెయిన్ గంజాయి జిగురును సారాయిలో కరిగించి తాగించారు. గ్రెయిన్ అంటే ఇప్పటి లెక్కలో 65 మిల్లీగ్రాములు. నాలుగు గంటలకల్లా అతను గలగలా మాట్లాడటం మొదలుపెట్టాడు, పాటలు పాడాడు, అన్నం ఇంకా పెట్టమని కేకలేశాడు, తనకు ఏ రోగమూ లేదన్నాడు. ఆరింటికి నిద్రలోకి జారాడు. ఎనిమిదింటికి ఒంటి మీద తెలివి లేదు. నాడి మాత్రం సరిగ్గా కొట్టుకుంటోంది, ఊపిరీ సాఫీగానే ఉంది. పరిగెత్తుకొచ్చిన డాక్టరు పరీక్షిస్తూ యథాలాపంగా అతని చెయ్యి పైకెత్తి వదిలాడు. చెయ్యి కిందికి పడలేదు, ఎత్తిన చోటే నిలబడిపోయింది. కాలు ఎత్తినా అంతే. ఎలా వంచితే అలా, ఎక్కడ పెడితే అక్కడ. తెల్లవారక ముందే మనిషి తేరుకున్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు మూడు రోజుల్లో నొప్పి తగ్గి ఇంటికి వెళ్లారు. మూడో అతనికి గుణం కనిపించలేదు. ఆ సంగతి కూడా డాక్టరు దాచకుండా రాసిపెట్టాడు.

గంజాయి మందుగా పనికొస్తుందా లేదా అని ఆధునిక పద్ధతిలో, మోతాదు తూచి, గంట గంటకూ గమనించి, ఫలించనిది కూడా రాసిపెట్టి పరీక్షించిన తొలి ప్రయత్నం ఇదే అనవచ్చు. జరిగింది మన దేశంలో. ఈ విషయం మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది. గంజాయి గురించి మనం ఈ రోజు వినేదంతా పోలీసు చెక్‌పోస్టుల వార్తలే. దాని వెనక ఇంత పెద్ద వైద్య చరిత్ర, అంతకంటే పెద్ద ప్రభుత్వ విచారణ చరిత్ర ఉన్నాయి. రెండూ ఇక్కడివే.

విలియం బ్రూక్ ఓషానెస్సీ ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. 1831లో ఇంగ్లండుకు కలరా వచ్చినప్పుడు సండర్లాండుకు వెళ్లి, రోగుల రక్తం తీసి విశ్లేషించి, అందులో నీరూ లవణాలూ దారుణంగా తగ్గిపోతున్నాయని తేల్చాడు. వాటిని నరంలోకి ఎక్కించి చూడాలని సూచించాడు. మరుసటి ఏడు థామస్ లట్టా అనే డాక్టరు ఆ పని చేసి చూపించాడు. ఈ రోజు ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా మంచం పక్కన వేలాడే సెలైన్ సీసాకు మూలం అక్కడుంది. ఇంత చేసినా లండన్‌లో అతనికి నిలదొక్కుకునే చోటు దొరకలేదు. 1833లో ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరి కలకత్తా వచ్చాడు. 1835లో వైద్య కళాశాల పెట్టగానే అక్కడ రసాయన శాస్త్రానికి ఆచార్యుడయ్యాడు. తర్వాతి కాలంలో ఈ దేశమంతటా తంతి తీగలు వేయించి, ఆ పనికే సర్ బిరుదు పొందినవాడూ ఇతనే.

బజారులో ఎవరిని అడిగినా గంజాయి గురించి ఏదో ఒకటి చెప్పేవారు. చిలుంలో పట్టించేవారు, భంగు నూరి తాగేవారు, నేపాల్ నుంచి వచ్చే చరస్ అమ్మేవారు, అందరూ చుట్టూ ఉన్నారు. ఓషానెస్సీ ముందుగా వెళ్లింది మాత్రం పండితుల దగ్గరికి, హకీముల దగ్గరికి. శార్ఙ్గధరుడు, భావమిశ్రుడు భంగను మందుల్లో చెప్పారు. యునానీ వైద్యుల గ్రంథాల్లోనూ దాని ప్రస్తావన ఉంది. వాటిలో ఏముందో అతనికి విడమర్చి చెప్పినవారిలో పండిత మధుసూదన్ గుప్తా ఒకరు. 1836లో అదే కళాశాలలో కులం కట్టుబాట్లను కాదని శవాన్ని కోసి శరీరశాస్త్రం నేర్పిన ఆయుర్వేద పండితుడు ఆయనే. దొర ఈ పరీక్షల గురించి రాసిన వ్యాసంలో వీరందరి పేర్లూ చెప్పి కృతజ్ఞత తెలిపాడు. ఆ కాలానికి ఇది అరుదైన మర్యాద.

తర్వాత జంతువుల మీద. కుక్కలు, పిల్లులు, పందులు, కాకులు, రాబందులు, చేపలు. మాంసం తినేవన్నీ ఇట్టే మత్తెక్కిపోయాయి. గుర్రం, జింక, మేక, ఆవు లాంటి గడ్డి మేసేవాటికి ఎంత ఇచ్చినా పెద్దగా ఎక్కలేదు. ఒక నడితరం కుక్కకు పది గ్రెయిన్ల చరస్ ఇస్తే అరగంటలో మందకొడిగా మారి, పిలిస్తే తోక ఊపుతూ, లేస్తే కాళ్లు తడబడుతూ కొన్ని గంటలు గడిపి మళ్లీ మామూలైంది. ప్రాణాపాయం లేదని రూఢి అయ్యాక విద్యార్థులు ముందుకొచ్చారు. వారిలో ఒకడు ఎప్పుడూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని బిడియస్తుడు. కొద్ది చుక్కల టింక్చరు తాగాక అతను రాజైపోయాడు. తోటి విద్యార్థులను గుర్తుపట్టకుండా, సభలో కొలువుదీరినట్టు కూర్చుని మంత్రులకు ఆజ్ఞలు జారీ చేశాడు.

ఆ తర్వాతే రోగుల వంతు. పిచ్చికుక్క కరిచిన ఒకతన్ని ఆసుపత్రికి తెచ్చారు. కరిచి మూడు వారాలైంది. గిన్నెలో నీళ్లు చూపిస్తే చాలు, గొంతు బిగుసుకుపోయి ఊపిరాడక గిలగిల్లాడుతున్నాడు. రెండు గ్రెయిన్ల గంజాయి జిగురు గంట గంటకూ ఇస్తూ పోయారు. మూడో మోతాదుకు అతనిలో భయం సడలింది. తన జబ్బు గురించే నెమ్మదిగా, తెలివిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్లు తాగలేకపోయినా నారింజ తొన చప్పరించి రసం మింగగలిగాడు. తర్వాత కొంచెం అన్నం కూడా తిన్నాడు. ప్రాణం దక్కలేదు. కొద్ది రోజుల్లో పోయాడు. అయితే ఆ జబ్బుతో పోయేవారు పడే నరకం అతను పడలేదు. ఓషానెస్సీ దీన్ని నయం చేసిన కేసుగా చెప్పుకోలేదు. చావు తప్పనప్పుడు యాతన తగ్గించడం కూడా వైద్యుడి పనే అన్నాడు. ఆ మాట అన్న నాటికి మన దేశంలో ఉపశమన వైద్యం అనే శాఖ రావడానికి ఇంకా నూట యాభై ఏళ్లు ఉంది.

ధనుర్వాతం వచ్చినవారిలో కొందరు బతికారు. అన్నిటికంటే ముఖ్యమైన కేసు ఒక పసిపాపది. నలభై రోజుల బిడ్డ, కలకత్తాలో ఉన్న ఒక ఆంగ్ల దంపతుల కూతురు. ఫిట్స్ మీద ఫిట్స్ వస్తున్నాయి. జలగలు, విరేచనాల మందు, నల్లమందు, అప్పటికి తెలిసినవన్నీ అయిపోయాయి. బిడ్డ దక్కదనుకున్న దశలో గంజాయి టింక్చరు ఒక చుక్కతో మొదలుపెట్టారు. చుక్కలు పెంచుకుంటూ పోయారు. ఒక దశలో రోజుకు నూరు చుక్కలు దాటింది. మధ్యలో మగతలోకి జారి అందరినీ భయపెట్టింది. చివరికి ఫిట్స్ ఆగాయి, బిడ్డ పాలు తాగి నిద్రపోయింది, బొద్దుగా పెరిగింది. ఒక్క బిడ్డ కేసుతో శాస్త్రం తేలదు. ఆ సంగతి గుర్తుంచుకుంటూనే ఇంకొకటి చెప్పాలి. 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గంజాయి మొక్క నుంచి శుద్ధి చేసిన కానబిడయాల్‌తో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు తొలిసారి అనుమతి ఇచ్చింది. దేనికంటే, డ్రావె సిండ్రోమ్, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే, పిల్లల్లో వచ్చే మొండి మూర్ఛలకు. కలకత్తాలో కనిపించిన జాడను పెద్ద పరీక్షలతో నిర్ధారించుకోవడానికి ప్రపంచానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది.

ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు సగం జవాబు రసాయన శాస్త్రంలో ఉంది. ఓషానెస్సీ 1840ల మొదట్లో లండన్‌కు గంజాయి నమూనాలు పట్టుకెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మందులు తయారుచేసే పీటర్ స్క్వైర్ వాటితో ఒక ఎక్స్‌ట్రాక్టు చేశాడు. పదేళ్లు తిరక్కుండానే అది అమెరికా అధికారిక ఔషధ గ్రంథంలోకి ఎక్కి 1942 దాకా అక్కడే ఉంది. పార్శ్వపు నొప్పికి, నిద్రలేమికి, ఈడ్పులకు డాక్టర్లు రాసేవారు. అయితే ఒక సీసా పనిచేసినట్టు మరో సీసా పనిచేయదు. ఓడలో నెలల తరబడి వచ్చిన సరుకులో సత్తువ ఎంత మిగిలిందో తెలిసేది కాదు. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లోనే విడదీశారు. అది నీళ్లలో కరుగుతుంది, సూదిమందుగా ఎక్కుతుంది. గంజాయి జిగురు నీళ్లలో కరగదు, సూదికి లొంగదు. దానిలో మత్తునిచ్చే పదార్థం ఏదో ఖాయంగా తేల్చింది ఇజ్రాయెల్‌కు చెందిన రఫాయెల్ మెషూలామ్, యెహియెల్ గావొనీ, అది 1964. ఈలోగా 1899లో ఆస్పిరిన్ వచ్చింది, నిద్రమాత్రలు వచ్చాయి. డాక్టర్లు అటు తిరిగారు.

మిగిలిన సగం జవాబు ప్రభుత్వాల దగ్గరుంది. ఆ కథ కూడా మన దగ్గరే మొదలైంది.

1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో విలియం కేయిన్ అనే మద్యపాన వ్యతిరేక సభ్యుడు ఒక ప్రశ్న వేశాడు. భారతదేశంలో గంజాయి తాగి జనం పిచ్చివాళ్లైపోతున్నారు, పిచ్చాసుపత్రులు వారితో నిండుతున్నాయి, ప్రభుత్వం మాత్రం పన్ను వసూలు చేసుకుంటోంది, దీని మీద విచారణ జరపరా అని. జరిపారు. ఆ జూలైలో ఏడుగురితో ఒక కమిషన్ వేశారు. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. సభ్యుల్లో ముగ్గురు భారతీయులు: తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర రాయ్, కపుర్తలా వంశానికి చెందిన కన్వర్ హర్నామ్ సింగ్, ముజఫర్‌నగర్ లాలా నిహాల్ చంద్. వాళ్లు ఆగస్టులో కలకత్తాలో తొలిసారి కూర్చుని, దేశం తిరిగి, 1,193 మంది సాక్షులను విచారించి, మరుసటి ఏడాది మూడు వేల పేజీలు దాటిన ఏడు సంపుటాలు ఇచ్చారు.

సాగు తీరు కూడా కమిషన్ పరిశీలనలో భాగమే. బెంగాల్‌లో రాజ్‌షాహీ జిల్లా నవగాఁవ్ అప్పట్లో గంజాయి సేద్యానికి కేంద్రం. అక్కడ లైసెన్సు ఉన్న రైతులే సాగు చేసేవారు. చేలో మగ మొక్క ఒక్కటి మిగిలినా ఆడ మొక్కల పూతలో గింజ పడి సరుకు పాడవుతుంది. అందుకే పూతకు ముందే చేలంతా తిరిగి, మొక్కను చూసి మగదో ఆడదో చెప్పి, మగవాటిని పీకేయించే నిపుణులు ఉండేవారు. దొరలు వాళ్లను గంజాయి డాక్టర్లు అనేవారు. మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఈ సాగు ఉండేది. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, సంతరావూరు గ్రామాలు దానికి పేరుపడ్డవి. ఆబ్కారీ లెక్కల్లో ఆ ఊళ్ల పేర్లు కనిపిస్తాయి.

కమిషన్ చేసిన పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది పిచ్చాసుపత్రుల విచారణ. అసలు గొడవ పుట్టిందే ఆ ఆసుపత్రుల అంకెలతో. ప్రతి రోగికీ ఒక ఫారం ఉంటుంది. అందులో జబ్బుకు కారణం అని ఒక గడి. వీధిలో తిరుగుతున్న మతిలేని మనిషిని పోలీసు పట్టుకొచ్చి మెజిస్ట్రేటు ముందు పెడతాడు. ఆ గడి ఖాళీగా వదలకూడదు. ఊరి వాళ్లను అడుగుతారు. అతను గంజాయి తాగేవాడా? తాగేవాడు. అయితే కారణం గంజాయి. తాగేవాడో కాదో తెలియకపోయినా, బైరాగి వేషంలో ఉంటే చాలు, గంజాయి. ఆ కాగితం ఆసుపత్రికి వస్తుంది. సూపరింటెండెంటు దాన్ని చూసి రిజిస్టరులో ఎక్కిస్తాడు. రిజిస్టరు నుంచి వార్షిక నివేదికకు, అక్కడి నుంచి లండన్ పత్రికలకు, పత్రికల నుంచి పార్లమెంటుకు. కమిషన్ ఈ తీగను మొదలుదాకా లాగింది. 1892లో చేరినవారిలో గంజాయి కారణమని రాసిన 222 కేసులను ఒక్కొక్కటీ తీసి, ఊరికి కబురు పంపి, బంధువులను అడిగి, రోగికి అంతకుముందే మతి చెడిందా, వంశంలో ఉందా, అసలు తాగేవాడా అని ఆరా తీసింది. ఆ ఏడు మొత్తం 1,344 మంది చేరితే, గంజాయికి ఏదో మేరకు సంబంధం ఉందని ఒప్పుకోదగినవి 98 అని తేలింది.

హత్యల సంగతీ అంతే. గంజాయి మత్తులో ఫలానావాడు నరికి చంపాడని పెద్ద పెద్ద అధికారులు ఘంటాపథంగా సాక్ష్యం చెప్పారు. కమిషన్ ఆ కేసుల కోర్టు కాగితాలు తెప్పించి చూస్తే, చాలావాటిలో వాళ్లు చెప్పినదానికీ కాగితంలో ఉన్నదానికీ పొంతన లేదు. పుకారు జ్ఞాపకంగా ఎలా మారుతుందో కమిషన్ తన నివేదికలో విడిగా రాసింది. మత్తుపదార్థాల మీద ఏ దేశంలో విచారణ జరిగినా మొదట చదవాల్సిన పేజీలు అవి.

అలాగని గంజాయి మంచిదని కమిషన్ చెప్పలేదు. మితంగా వాడేవారికి పెద్ద హాని కనిపించలేదు, అతిగా వాడితే శరీరానికీ మనసుకూ హాని, మతి చెడటం కూడా జరగవచ్చు అంది. పూర్తి నిషేధం అవసరం లేదు, మంచిది కూడా కాదు అంది. నిషేధిస్తే జనం ఇంతకంటే చెడ్డవాటికి మళ్లుతారన్న భయం ఆ మాట వెనక ఉంది. పన్ను పెంచండి, సాగుకు లైసెన్సు పెట్టండి, దుకాణాలు తగ్గించండి, మనిషి దగ్గర ఇంతకు మించి ఉండకూడదని హద్దు పెట్టండి అని సూచించింది. దీనికి ఇద్దరు భారతీయ సభ్యులు, రాజా గారూ లాలా గారూ, ఒప్పుకోలేదు. విడిగా అసమ్మతి రాశారు. వారి మాట కొట్టిపారేయదగింది కాదు. పన్ను తినే ప్రభుత్వం వేసిన కమిషన్ పన్ను వేయమనే చెప్పడం ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. గంజాయి తాగే ఇంటి కష్టం దొరల కంటే వాళ్లకు దగ్గరగా తెలుసు. ఆ తర్వాత స్వాతంత్ర్యోద్యమం కూడా మత్తును దేశానికి పట్టిన పీడగానే చూసింది. రాజ్యాంగంలో 47వ అధికరణం అలా వచ్చింది. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలు, మత్తు పదార్థాల వాడకాన్ని ప్రభుత్వం నిషేధించడానికి కృషి చేయాలి, ఔషధంగా వాడటానికి తప్ప. ఈ చివరి మూడు మాటలు రాజ్యాంగ నిర్మాతలు ఊరికే రాయలేదు. తర్వాత చట్టం అమలైన తీరులో వెనకబడిపోయింది ఆ మూడు మాటలే.

1925లో జెనీవాలో ఈజిప్టు ప్రతినిధి పట్టుబట్టడంతో గంజాయి అంతర్జాతీయ ఒప్పందంలోకి వచ్చింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని హెరాయిన్ పక్కన, వైద్యానికి అంతగా పనికిరానివాటి జాబితాలో కూర్చోబెట్టింది. వైద్యేతర వాడకాన్ని ఆపడానికి అలవాటున్న దేశాలకు పాతికేళ్ల గడువు ఇచ్చింది. ఆకులను మాత్రం నిర్వచనం నుంచి వదిలేసింది. ఉత్తరాదిన భంగు దుకాణాలు ఇప్పటికీ చట్టబద్ధంగా నడుస్తున్నాయంటే ఆ వెసులుబాటు వల్లే.

గడువు దగ్గరపడ్డాక 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యాల నియంత్రణకు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. ఆగస్టు 23న బిల్లు లోక్‌సభకు వచ్చింది. సెప్టెంబరు 16న రాష్ట్రపతి సంతకమైంది. నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 1894లో ఏడు సంపుటాల విచారణ. 1985లో నెల తిరక్కుండా చట్టం. కమిషన్ చేసినటువంటి పరిశీలన, ఊరూరా తిరిగి కాగితం వెనక మనిషిని వెతికే పరిశీలన, ఈసారి జరగలేదు. అదే ఏడు అమెరికా, కీమోథెరపీ తీసుకునే క్యాన్సర్ రోగుల వాంతులు ఆపడానికి డ్రొనాబినాల్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. 1964లో మెషూలామ్ తేల్చిన మత్తు పదార్థాన్నే కృత్రిమంగా తయారుచేసి ఇచ్చిన మాత్ర అది.

చట్టం అవసరం లేదని నేను అనడం లేదు. పూత గంజాయి 20 కిలోలు దాటి దొరికితే పదేళ్లకు తక్కువ కాని జైలు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. ఇంటర్ చదివే పిల్లాడి జేబులోకి గంజాయి పొట్లం వస్తోందంటే ఆపాల్సిందే. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవారిలో మతిభ్రమణం ముప్పు పెరుగుతుందని ఈనాటి వైద్యం గట్టిగానే చెబుతోంది. అదే వైద్యం, పిల్లల మొండి మూర్ఛకూ, కీమో వాంతులకూ, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతుకూ ఈ మొక్కలోని పదార్థాలతో చేసిన మందులు పనిచేస్తాయని కూడా చెబుతోంది. మిగిలిన చాలా జబ్బుల విషయంలో రుజువు ఇంకా బలహీనం. ఇంటర్నెట్‌లో సర్వరోగ నివారిణిగా అమ్మే నూనె సీసాలను నమ్మి మూర్ఛ బిడ్డకు డాక్టరు రాసిన మాత్రలు మానేయకండి. ఓషానెస్సీ తన టింక్చరును నమ్మాడు గానీ, తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి, ఎక్కువైతే ఉన్మాదం వస్తుంది అని అదే వ్యాసంలో హెచ్చరించాడు.

2020 డిసెంబరు 2న వియన్నాలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్, గంజాయిని 1961 నాటి ఆ కఠిన జాబితా నుంచి తీసేయాలా వద్దా అని ఓటు పెట్టింది. 27 దేశాలు తీసేయమన్నాయి, 25 వద్దన్నాయి, ఒకటి తటస్థం. తీసేయమన్న 27లో భారతదేశం ఉంది. ఒక్క ఓటు అటు ఇటైనా ఫలితం ప్రమాదంలో పడేదే. మన ప్రతినిధి చెయ్యి ఎటు లేచిందో ఇక్కడి పత్రికలు లోపలి పేజీలో నాలుగు వాక్యాలతో సరిపెట్టాయి. ఇది వైద్య పరిశోధనకు తలుపు తీసే ఓటు. చట్టం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

1985 చట్టం అందరికంటే ఎక్కువగా దెబ్బతీసింది గంజాయి తాగేవారిని కాదు. క్యాన్సర్ చివరి దశలో నొప్పితో మెలికలు తిరిగేవారిని. ఈ చట్టం కిందికే వచ్చే మార్ఫిన్ తెప్పించుకోవాలంటే ఆసుపత్రికి రాష్ట్రాన్ని బట్టి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేవి, వాటి గడువులు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. చాలా ఆసుపత్రులు ఆ గొడవ మనకెందుకని మందు ఉంచడమే మానేశాయి. 1985లో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ వందల కిలోలు. 1997 నాటికి అది 18 కిలోలకు పడిపోయింది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశంలో జరిగిన సంగతి ఇది. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో ఒక చిన్న గదిలో నొప్పి క్లినిక్ తెరిచిన డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు 2014లో ఆ చట్టాన్ని సవరింపజేసేదాకా ఎలా పోరాడారో వచ్చే సంచికలో.

(సశేషం)